చందాకి టెండర్ పిలుస్తారా?

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. ఈసారి పంపింది మా పక్కవీధి అన్నయ్యే. "మన టౌన్ ఏటా మన ప్రాపర్టీ టాక్స్ డబ్బు తీసుకెళ్లి లోకల్ యాక్సెస్ చానెల్‌కి పోస్తోంది. టెండర్ లేదు. ఇది మసాచుసెట్స్ ప్రొక్యూర్‌మెంట్ చట్టం 30బీకి విరుద్ధం. టెండర్ పిలిచి తక్కువకి చేసేవాళ్లకి ఇవ్వాలి. యూట్యూబ్ ఉండగా ఆ చానెల్ ఎందుకు? టౌన్ మీటింగ్‌లో అందరూ లేచి అడగండి." ఇదీ సారాంశం. లోకల్ యాక్సెస్ చానెల్ అంటే ఊరి మీటింగులూ ఊరివాళ్ల కార్యక్రమాలూ చూపించే కేబుల్ టీవీ చానెల్. 30బీ అంటే టౌన్లు సరుకులూ సేవలూ ఎలా కొనాలో చెప్పే రాష్ట్ర చట్టం. టౌన్ మీటింగ్ అంటే ఊరి ఓటర్లు కూర్చుని బడ్జెట్ తేల్చే సభ. గ్రూపులో అందరూ బొటనవేళ్లు ఎత్తారు. ఆ చట్టం తెరిచి చూసినవాళ్లు ఎవరని అడిగితే ఒక్కరూ పలకలేదు.

ప్రాపర్టీ టాక్స్ సంగతి ముందు తేల్చేద్దాం. కేబుల్ బిల్లు తీసి కింది వరసలు చదవండి. ఫ్రాంచైజ్ ఫీజు అని ఉంటుంది, అంటే ఊళ్లో కేబుల్ నడుపుకోనిచ్చినందుకు కంపెనీ టౌన్‌కి కట్టేది. మా టౌన్‌లో చానెల్‌కి వెళ్లేది ఆ డబ్బే. 1984 నాటి ఫెడరల్ కేబుల్ చట్టం ప్రకారం అది కంపెనీకి కేబుల్ సర్వీసు మీద వచ్చే రాబడిలో 5 శాతం దాటకూడదు. కేబుల్ తీయించేసినవాళ్ల జేబులోంచి ఒక్క సెంటు కూడా పోవడం లేదు.

యూట్యూబ్ వచ్చి స్కూల్ కమిటీ మీటింగ్‌లో మైకు పెట్టదు. మీరు యూట్యూబ్‌లో చూసే ఆ మీటింగ్ వీడియో తీసింది కూడా చానెల్ వాళ్లే. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అసలు గొడవంతా 30బీ దగ్గర ఉంది. టెండర్ లేకపోతే చట్టవిరుద్ధమేనట! ఆ చట్టంలోనే మినహాయింపుల పెద్ద జాబితా ఉంది. చెత్త ఎత్తే కాంట్రాక్టు అందులో ఉంది. రోడ్ల మీద మంచు తోసే కాంట్రాక్టు ఉంది. గ్రాంటు ఒప్పందాలూ ఉన్నాయి. టౌన్ తన వాడకం కోసం సరుకో సేవో కొనకుండా, ఒక ప్రజా ప్రయోజనం నిలబడడానికి లాభాపేక్ష లేని సంస్థకి ఊతంగా ఇచ్చే డబ్బు గ్రాంటు అని చట్టమే నిర్వచనం చెప్పింది. ఫెడరల్ గ్రాంట్ల నిబంధనల్లోనూ ఇదే తేడా ఉంది. సబ్‌రెసిపియెంట్ (గ్రాంటు డబ్బుతో ప్రజల పని చేసే సంస్థ) వేరు, కాంట్రాక్టర్ (సరుకో సేవో అమ్మేవాడు) వేరు. మా చానెల్‌కి వెళ్లేది గ్రాంటు లాంటి డబ్బే అంటున్నాను.

ఇది అర్థం కావడానికి లాయరు కానక్కర్లేదు. మన అసోసియేషన్ ఉగాది భోజనాలకి మూడు చోట్ల కొటేషన్లు తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా. అదే గుడికి చందా ఇచ్చేటప్పుడు, ఏ గుడి తక్కువలో పూజ చేస్తుందో కనుక్కుని ఇస్తుందా?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కాగితం మీద "టౌన్‌కి ఫలానా సేవలు అందించవలెను" అని కాంట్రాక్టులా రాసుకుని ఉంటే అన్నయ్య వాదనలో బలం ఉంటుంది. మూడేళ్లు మించిన కాంట్రాక్టుకి మెజారిటీ ఓటు కూడా కావాలి. టౌనే సొంతంగా చానెల్ నడుపుకుంటూ కెమెరాలు కొంటే ఆ కొనుగోలుకీ 30బీ వర్తిస్తుంది. అలాంటి తప్పు ఉంటే ఒప్పందం సరిగ్గా తిరగరాయమని అడగండి, నేనూ మీతో లేచి అడుగుతాను. మీరు మాత్రం చానెల్‌నే వేలం వెయ్యమంటున్నారు.

నాకు కోపం తెప్పించింది ఆ "తక్కువకి చేసేవాళ్లకి" అన్న ముక్క. అది ఎవరిని దెబ్బ తీస్తుందో రాసినవాళ్లు ఆలోచించలేదు. మా చానెల్ స్టూడియో స్కూల్ బేస్‌మెంట్‌లో ఉంది. కిందటి ఉగాది కార్యక్రమం రికార్డు చేసినప్పుడు కెమెరా వెనక ఉన్నది పద్నాలుగేళ్ల అమ్మాయి. వైట్ బ్యాలెన్స్ కోసం నన్ను మొహం ముందు తెల్లకాగితం పట్టుకుని నిలబడమంది. మృదంగానికి ఒక్క మైకు చాలదని, రెండు వైపులా శబ్దం వేరని తనే కనిపెట్టి రెండోది తెచ్చింది. అయ్యాక కేబుల్ మెలిపడకుండా ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందినుంచి ఎలా చుట్టాలో నాకు నేర్పింది. తనకి నేర్పింది ఆ చానెల్ ఉద్యోగి, ఎన్నో సాయంత్రాలు కూర్చుని. మా దగ్గర ఒక్క డాలరు తీసుకోలేదు.

టెండర్లో తక్కువ కోట్ చేసిన కంపెనీ గంటల లెక్కన వస్తుంది. రెండు మీటింగులు తీసి, బిల్లు ఇచ్చి వెళ్లిపోతుంది. ఆ అమ్మాయికి కెమెరా ఇవ్వడానికి గంటకి ఎంత రాస్తారండీ? పంచాంగ శ్రవణానికి ఏ రేటు? పైగా ఆ కంపెనీని ఎంచుకునేది టౌన్ పాలన చూసే సెలెక్ట్ బోర్డు, అది రికార్డు చెయ్యాల్సింది అదే సెలెక్ట్ బోర్డుని. వచ్చే ఏడు కాంట్రాక్టు కావాల్సినవాడు ఈ ఏడు ఎవరి మొహం చూసి కెమెరా తిప్పుతాడు?

జవాబుదారీ గురించిన భయం మాత్రం వట్టిది కాదు. 2019లో మన్‌హాటన్ పబ్లిక్ యాక్సెస్ చానెల్ కేసులో, దాన్ని నడిపే ప్రైవేటు సంస్థ ప్రభుత్వం కిందికి రాదని, మాట్లాడే స్వేచ్ఛని కాపాడే ఫస్ట్ అమెండ్‌మెంట్ దాన్ని కట్టడి చెయ్యదని సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది. అంటే అలాంటి సంస్థ రేపు మన కార్యక్రమం ఆపేస్తే రాజ్యాంగం పట్టుకుని దాని మీద కోర్టుకెక్కలేం. మా చానెల్ బోర్డులోనూ ఏళ్ల తరబడి అవే మొహాలు. ఇది నాకూ నచ్చదు. దీనికి ఒప్పందంలో షరతులు కావాలి: ముందొచ్చిన వాళ్లకి ముందు టైమ్, ఏటా లెక్కలు బయట పెట్టడం, బోర్డు సీట్లకి ఎన్నిక. తక్కువ రేటు వెతికితే ఇందులో ఒక్కటీ రాదు.

అన్నయ్యా, ఒప్పందం కాపీ టౌన్ క్లర్క్‌ని అడిగి తెచ్చాను. గురువారం సాయంత్రం ఏడుకి స్టూడియోకి రండి, కలిసి చదువుదాం. ఈలోగా ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.