మెత్తగా ఉంటే అది బూటు కాదు

"ఒక్క గంటలో ఫెల్ట్ బూట్లు!" అనే వీడియో, అంటే ఉన్నిని తడిపి రుద్ది అట్టకట్టించి బూట్లు చేసే వీడియో, ఇంకెవరైనా నాకు పంపితే ఇకమీదట వాదించను. నా మొదటి జత ఫొటో తిరిగి పంపిస్తాను, అంతే.

ఆ వీడియోలన్నీ ఒకే చోట ఆగిపోతాయి, గమనించారా? బూటు ఆరుతుంది, చేసినావిడ కాలికి తొడుక్కుంటుంది, పాదం అటూ ఇటూ తిప్పి నవ్వుతుంది. అయిపోయింది. మూడు వారాలు నడిచాక ఆ బూటు ఏమైందో ఎవరూ చూపించరు. నా జత సంగతి నేను చెప్తాను. మడమ దగ్గర గోడ కూలిపోయి, షూ వెనక భాగం తొక్కేసి నడిచే పిల్లాడి షూలా అయింది. చీలమండ దగ్గర జారిపోయిన మేజోడులా ముడతలు పడ్డాయి. లోపల అరికాలి కింద ఉన్ని ఉండలు కట్టి, అడుగు వేస్తే గులకరాయి తొక్కినట్టుండేది. తప్పు ఉన్నిది కాదు. పని సగంలో ఆపేసి పూర్తయిందనుకున్న నాది, ఆ సగాన్నే పూర్తి పని అని చూపించినవాళ్లది.

కోపం పక్కన పెట్టి అసలు ఏం జరుగుతుందో చెప్తాను. మీ తల వెంట్రుక ఒకటి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేళ్లను వెంట్రుక పొడవునా ముందుకీ వెనక్కీ రుద్దండి. వెంట్రుక ఉన్నచోట ఉండదు, ఒకవైపే పాకుతుంది. అది కుదురు ఉన్న వైపు. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వాటి అంచులన్నీ కొన వైపు తిరిగి ఉంటాయి. అందుకే కుదురు వైపుకు సులువుగా జారుతుంది, వెనక్కి రమ్మంటే మొరాయిస్తుంది. గొర్రె ఉన్ని కూడా ఇదే, కాకపోతే దానికి వంకీలు ఉంటాయి, తేలిగ్గా సాగి మళ్లీ ముడుచుకుంటుంది. వేడి నీళ్లు, కాస్త సబ్బు పోసి కదిలిస్తూ ఉంటే లక్షల పోగులు ఒక్కోటి ఒక్కో దిక్కుకు పాక్కుంటూ పోతాయి. పోయినవి వెనక్కి రావు. ఒకదాన్నొకటి చుట్టుకుని అట్టకడతాయి. ఫెల్ట్ అంటే అదే. నేత లేదు, కుట్టు లేదు, జిగురు లేదు.

ఇందులో రెండు దశలున్నాయి. మొదటి దశలో పోగులు పైపైన పట్టుకుంటాయి. గిల్లి చూస్తే విడి పోగులు లేవవు, మొత్తం గుడ్డలా పైకొస్తుంది. గంట వీడియోలు ఇక్కడితో ముగుస్తాయి. కానీ ఇది ఫెల్ట్‌కి ముందు మెట్టు మాత్రమే. కాలి బరువు మోసే గట్టిదనం వచ్చేది రెండో దశలో, అంటే ఆ గుడ్డను చుట్టి దొర్లించి, పిండి, విసిరికొట్టి కుంచింపజేసేటప్పుడు. మొదటి దశంతా పసిపిల్లకు తలంటినట్టు చెయ్యాలి. రెండో దశలో ఆ సున్నితం పనికిరాదు. చాలామంది అక్కడ కూడా అరచేత్తో నిమురుతూనే ఉంటారు.

లెక్క చెప్తే నమ్ముతారేమో. 43 సెంటీమీటర్ల చదరపు ముక్క ప్రతి వైపూ 40 శాతం కుంచించుకుపోతే దాదాపు 26 సెంటీమీటర్లు అవుతుంది. పొడవు వెడల్పులు చూస్తే పెద్ద విశేషంలా కనిపించదు. వైశాల్యం చూడండి, మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే! అక్కడున్న ఉన్ని మొత్తం ఇప్పుడు మూడో వంతు జాగాలో ఇరుక్కుని ఉంది. అదే ముక్కను 20 శాతం దగ్గర ఆపేస్తే మూడింట రెండు వంతుల వైశాల్యం ఇంకా అలాగే ఉంటుంది. చూడ్డానికి రెండూ ఫెల్టే. ఒకటి బూటవుతుంది, రెండోది కుషన్ కవరుకు సరిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే సలహా, "గట్టిగా రావాలంటే ఉన్ని ఎక్కువ వెయ్యండి." నేనూ వేశాను. మొదటి జత పాడయ్యాక, కోపంతోనే అనుకోండి, కత్తెరతో మడమ దగ్గర అడ్డంగా కోసి చూశాను. పైన ఒక గట్టి చర్మం, లోపలి వైపు ఒక గట్టి చర్మం, మధ్యలో దిండులో దూదిలా విడి ఉన్ని. వేలు పెడితే రెండు పొరలూ విడిపోయాయి. పైనుంచి రుద్దుతుంటే పైపొర ముందే బిగుసుకుపోయింది, మధ్యలో ఉన్నదానికి కదలిక అందలేదు. అంటే నేను నడిచింది బూటులో కాదు, సంచిలో. బాగా పట్టిన ఫెల్ట్‌ను కోస్తే అంచు మందపాటి అట్టను కోసినట్టు తేటగా ఉంటుంది. ఎక్కడ కోసినా పోగు రాలదు, పొర విడదు. అందుకే ఇప్పుడు ఏ కొత్త ఉన్ని కొన్నా ముందు ఒక చిన్న ముక్క చేసి, కోసి చూస్తాను. బూటు కొయ్యడం కంటే ముక్క కొయ్యడం తక్కువ బాధ.

మందం కావాలంటే పల్చటి పొరలు ఎక్కువ వెయ్యాలి. ఒక పొర నిలువు, దాని మీద అడ్డం, మళ్లీ నిలువు. ఏ పొరా కింద ఉన్నది పూర్తిగా కనిపించకుండా కప్పేంత మందంగా ఉండకూడదు. మడమకూ, బొటనవేలి దగ్గరకూ, చీలమండ మడత పడే చోటుకూ ఒకటి రెండు పొరలు అదనం. ఆ అదనపు పొరల అంచులు కోసినట్టు ఆపకుండా పల్చబడుతూ పోవాలి. లేకపోతే అంచు దగ్గరే గాడి పడి, నడిచినప్పుడల్లా సరిగ్గా అక్కడే మడత పడుతుంది.

ఉన్ని ఎంపిక దగ్గర కూడా ఇదే కథ. కొత్తవాళ్లందరికీ మెరీనో అనే జాతి గొర్రె ఉన్ని అంటగడతారు. మెరీనో మంచి ఉన్నే, పోగు దాదాపు 17 నుంచి 24 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నం, ఇట్టే అట్టకడుతుంది. మెడకు చుట్టుకునే స్కార్ఫుకు అద్భుతం. కానీ ఒక్క మెరీనోతోనే చేసిన బూటు త్వరగా ఉండలు కడుతుంది, రాపిడికి నలుగుతుంది. బూటుకు కొంచెం ముతక పోగు ఉండాలి. ముతక పోగు నడుం నిలబెడుతుంది, సన్న పోగు దాన్ని కట్టిపడేస్తుంది. ఐస్‌లాండ్ గొర్రెకు ఈ రెండూ ఒంటి మీదే ఉంటాయి, పైన పొడవాటి ముతక పోగు, లోపల మెత్తటి పొట్టి పోగు. అన్ని గొర్రెల ఉన్నీ అట్టకడుతుందనీ అనుకోవద్దు. సౌత్‌డౌన్, సఫోక్ లాంటి జాతుల ఉన్ని ఎంత రుద్దినా మొండికేస్తుంది. మేజోళ్లు అల్లుకోవడానికి అది వరం, మనకు శాపం. దువ్వి ఒకే దిక్కుకు పేర్చిన పొడవాటి పేటల కంటే, ఏకి పరుపులా పరిచిన ఉన్నినే నేను బూటుకు వాడతాను. పోగులు ముందే అన్ని దిక్కులకూ చిక్కుపడి ఉంటాయి కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది.

'సూపర్‌వాష్' అని లేబుల్ ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. వాషింగ్ మెషీన్‌లో వేసినా ముడుచుకోకూడదని పొలుసులను క్లోరిన్‌తో అణిచి, పైన పల్చటి రెజిన్ పూత పూసిన ఉన్ని అది. పాకడానికి పొలుసు లేనప్పుడు ఎంత రుద్ది ఏం లాభం? నేను ఒక మధ్యాహ్నమంతా రుద్దాను. సబ్బు నురగ వచ్చింది, నడుం నొప్పి వచ్చింది, ఫెల్ట్ మాత్రం రాలేదు. క్రాఫ్ట్ షాపుల్లో రంగురంగుల ఫెల్ట్ షీట్లు ఉంటాయి కదా, వాటిలో చాలావాటికి గొర్రెతో ఏ సంబంధమూ ఉండదు. యాక్రిలిక్, లేదా పాలిస్టర్. ముళ్లున్న సూదులతో గుచ్చి గుచ్చి పోగులను చిక్కుపెడతారు. పిల్లల ప్రాజెక్టులకు భేషుగ్గా ఉంటాయి. వాటితో బూటు కుట్టుకోమని చెప్పేవాళ్లు మీ పాదాల గురించి ఆలోచించినట్టు లేదు.

నా రెండో జత కథ వేరు, దాంట్లో ఉన్ని తప్పేమీ లేదు. నా పాదానికీ, మేజోడుకూ, గోడ మందానికీ కలిపి బూటు పొడవు 26 సెంటీమీటర్లు రావాలి. ఉన్ని 40 శాతం కుంచించుకుంటుందని ముక్క చేసి తేల్చుకున్నాను. బుద్ధిగా 26కి 40 శాతం కలిపి, ఉన్ని పరచడానికి 36.4 సెంటీమీటర్ల నమూనా కోసుకున్నాను. లెక్కల టీచర్లు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. 36.4లో 40 శాతం పోతే మిగిలేది 22 కూడా కాదు. 26ని 0.6తో భాగించాలి, అప్పుడే 43 పైచిలుకు వస్తుంది. రెండు రోజుల పని, గోడలు రాయిలా వచ్చాయి, చూసుకుని మురిసిపోయాను. తీరా తొడుక్కుంటే మడమ దిగలేదు. మా అక్క కొడుకు వచ్చి వాటిలో కాళ్లు దోపి "పిన్నీ, నా సైజు నీకెలా తెలిసింది?" అన్నాడు. తెలిసే చేశానన్నాను. ఇప్పటిదాకా నేను చేసినవాటిలో చెక్కు చెదరని జత వాడిదే.

సబ్బు విషయంలో రెండే మాటలు. నురగ ఎక్కువైతే పోగులు పట్టుకోకుండా జారిపోతాయి, చెయ్యి జారేంత సబ్బు చాలు. పని అయ్యాక సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, చివరి నీళ్లలో కాస్త వెనిగర్ వెయ్యండి. సబ్బులోని క్షారం మిగిలిపోతే ఉన్ని పెళుసుబారుతుంది.

"ఇది మనసుకు ప్రశాంతతనిచ్చే హాబీ" అని రాసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. చరిత్రలో ఈ పని చేసినవాళ్లలో ఎవరూ దీన్ని విశ్రాంతి అనుకున్నట్టు లేదు. మంగోలియాలో ఫెల్ట్ గుడారాలకు పరిచిన ఉన్నిని తడిపి, కర్రకు చుట్టి, గుర్రానికో ఒంటెకో కట్టి మైదానంలో ఈడ్పించేవాళ్లు. మనిషి చేతులు చాలవని వాళ్లకు తెలుసు. రోమన్లు నేసిన ఉన్ని గుడ్డను బిగించడానికి తొట్లలో వేసి కాళ్లతో తొక్కేవాళ్లు, అందులో సబ్బుకు బదులు పులిసిన మూత్రం పోసి మరీ. స్కాట్లండ్ ద్వీపాల్లో ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని తడి గుడ్డను బల్లకేసి బాదుతూ పాటలు పాడుకునేవాళ్లు. ఆ పాటలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరికే పాడుకున్నారా? ఎంతకీ తెమలని పని కాబట్టి పాడుకున్నారు.

రష్యా వాళ్ల వాలెంకీ చూడండి. కుట్టు లేని ఫెల్ట్ బూటు అంటే ప్రపంచానికి గుర్తొచ్చేది అదే. ఆ పేరు వచ్చిందే ఉన్నిని అట్టకట్టించడం అనే అర్థమున్న క్రియ నుంచి. పెద్ద రాక్షసుడి మేజోడులా మొదలుపెడతారు, మరిగే నీళ్లతో తడుపుతూ దొర్లిస్తూ కొడుతూ కుంచింపజేసి, కొయ్య అచ్చు మీదకు ఎక్కించి ఆరబెడతారు. ఆరాక వేలితో కొడితే చెక్కలా ఠక్కుమంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎర్రసైన్యం చలికాలాలు వాటితోనే గడిపింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1993లో సైబీరియాలోని ఆల్టై పర్వతాల్లో ఉకోక్ పీఠభూమి మీద మంచులో గడ్డకట్టిన ఒక సమాధిని తవ్వితే, దాదాపు రెండున్నర వేల ఏళ్ల నాటి స్త్రీ కాళ్లకు పొడవాటి తెల్లని ఫెల్ట్ మేజోళ్లు ఉన్నాయి. ఇన్ని వేల ఏళ్లు అవి నిలవడానికి మంచే కారణం, ఒప్పుకుంటాను. కానీ నా మొదటి జతను అదే మంచులో పెట్టినా ఉండలే దొరికేవి.

షార్ట్‌కట్‌లన్నీ చెడ్డవని కూడా అనను. ఉన్ని దారంతో బూటును పెద్దగా, వదులుగా అల్లి, వాషింగ్ మెషీన్‌లో వేడి నీళ్లతో రెండు మూడు సార్లు తిప్పడం మంచి పద్ధతే. అల్లికే అస్థిపంజరంలా ఉంటుంది కాబట్టి పొరలు విడిపోయే బాధ లేదు. మెషీన్ విసుక్కోదు, మధ్యలో ఆపేసి ఫొటో తీసుకోదు. విడి ఉన్నితో చేసినంత బిగువు రాదుగానీ, ఇంట్లో తిరగడానికి చాలు. సూపర్‌వాష్ దారం వాడకపోతే చాలు!

తడి సంగతి కూడా ముందే చెప్పాలి. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను తాగినా తడిగా అనిపించదు, తాగేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. అది గాలిలోని ఆవిరి, చెమట సంగతి. కరిగే మంచులో, బురద నీళ్లలో నిలబడితే ఏ ఫెల్ట్ అయినా చివరికి నానుతుంది. వాలెంకీ కరకరలాడే పొడి చలికి పుట్టినవి. తడి రోజుల్లో రష్యన్లు కూడా వాటిమీద రబ్బరు గలోష్‌లు తొడుక్కుంటారు. కాబట్టి బయట తిరగాలంటే అడుగున తోలో రబ్బరో వేయించండి. వేయించకపోతే ఎంత గట్టి ఫెల్టయినా ముందు అరికాలు దగ్గరే అరుగుతుంది.

మరి ఎప్పుడు ఆపాలి? గడియారం చూసి కాదు, స్కేలు పెట్టి చూడండి. నేను ప్రతి విడతకూ పొడవు కొలిచి రాసుకుంటాను. మూడు విడతలు వరసగా ఒకే అంకె వస్తే ఉన్ని ఇంక ఇచ్చేదేమీ లేదని అర్థం. బూటును తడిగా ఉన్నప్పుడే నిలబెడితే పిక్క భాగం తూలకుండా నిలబడాలి. మడమ మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కితే గుంట పడకూడదు. ఇంకో ఊరట ఏమిటంటే, ఆరిపోయిన ఫెల్ట్‌ను కూడా మళ్లీ తడిపి మొదలుపెట్టొచ్చు. ఇంకా కుంచించుకునే ఓపిక దానికి మిగిలే ఉంటుంది, మనకే ఉండదు.

ప్రస్తుతం నాలుగో జత అచ్చు మీద ఆరుతోంది. కుడిది బాగా వచ్చింది, వేలితో కొడితే ఠక్కుమంటోంది. ఎడమదాని మడమ దగ్గర నొక్కితే మాత్రం బొటనవేలు ఇంకా కొంచెం లోపలికి దిగుతోంది. రేపు దాన్ని మళ్లీ తడుపుతున్నాను.