ఎవరి భయం ఎంత?

అక్కాతమ్ముళ్ల మధ్య జరిగిన వాదన ఇది. రాత్రి 11 దాటాక అక్క క్యాబ్ ఎక్కి, ఇల్లు చేరేదాకా చూస్తూ ఉండమని తమ్ముడికి లొకేషన్ లింక్ పంపింది. వాడేమో "ఇంత అవసరమా?" అన్నాడు. అక్కడ మొదలైంది.

తమ్ముడు: కోప్పడకుండా విను అక్కా. ఐక్యరాజ్యసమితి నేరాల విభాగం 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2017లో ప్రపంచమంతా కలిపి హత్యకు గురైనవాళ్లు సుమారు 4,64,000 మంది. అందులో నూటికి 81 మంది మగవాళ్లే. మరి ప్రాణభయం ఎవరికి ఎక్కువ ఉండాలి?

అక్క: చంపేవాళ్లెవరో కూడా చెప్పు మరి. నిందితుల్లో నూటికి దాదాపు 90 మంది మగవాళ్లేనని అదే నివేదికలో ఉంది.

తమ్ముడు: ఉంటే? చంపింది మగాడేనని తెలిస్తే చచ్చినవాడికి ఏమైనా ఓదార్పా? "మగాడివి, నీకేంటి" అని అర్ధరాత్రి ఏ పనున్నా మమ్మల్నే పంపుతారు. నలుగురు తాగి అడ్డం వస్తే నాకూ గుండె దడదడలాడుతుంది, కానీ ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేను, నవ్వుతారు. ఎవడో "ఏంట్రా చూస్తున్నావ్" అన్నాడనుకో, తల దించుకుని వెళ్తే పిరికివాణ్ణి, తిరగబడితే ఆస్పత్రి.

(అంకెల దగ్గర కాదు, నన్నడిగితే తమ్ముడు గట్టిగా మాట్లాడింది ఇక్కడే. అక్క కూడా వెంటనే ఏమీ అనలేదు.)

అక్క: అది నిజమేరా. కానీ నీ భయం ఆ నలుగురూ ఎదురైనప్పుడు మొదలవుతుంది, వాళ్లు దాటిపోగానే పోతుంది. నాది ఎవరూ ఎదురుకాకముందే మొదలవుతుంది. కారు ఎక్కేముందు నంబరు ప్లేటు ఫొటో తీస్తాను, చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉంటాయి గానీ పాట ఆపేసి ఉంటుంది, వెనక అడుగుల చప్పుడు వినపడాలి కదా, అవతల ఎవరూ లేకపోయినా ఫోన్ చెవిన పెట్టి "ఆ, వచ్చేశా, గేటు దగ్గరే ఉండు" అంటాను.

తమ్ముడు: ఇన్ని జాగ్రత్తల్లో నిజంగా పనికొచ్చినవెన్ని?

అక్క: ఎలా తెలుస్తుంది? ఏమీ జరగకపోతే జాగ్రత్త వల్ల జరగలేదో, అసలు జరిగేదే కాదో చెప్పలేం. జరిగితే మాత్రం మొదటి ప్రశ్న "ఆ టైంలో అక్కడేం పని" అనే. నిన్ను కొట్టి పర్సు లాక్కుంటే ఏ చొక్కా వేసుకున్నావని ఎవరైనా అడుగుతారా? ఆడవాళ్ల సంఖ్య తక్కువ కాబట్టి భయం అనవసరం అంటున్నావు చూడు, గొడుగు వేసుకున్నవాళ్లు తడవలేదు కాబట్టి వానే లేదన్నట్టుంది. 1990ల్లో కెన్నెత్ ఫెరారో అనే అమెరికన్ సోషియాలజిస్టు దీని గురించే రాశాడు, ఏ నేరాన్ని తలుచుకున్నా అది అత్యాచారం దాకా పోతుందేమోనన్న నీడ ఆడవాళ్ల భయం మీద పడుతుందని. ఇంట్లో దొంగ పడితే నీకు టీవీ పోతుందని టెన్షన్. నాకు టీవీ గుర్తే రాదు.

తమ్ముడు: ఇంటి మాట ఎత్తావు కాబట్టి ఇదీ విను. 2017లో హత్యకు గురైన 87,000 మంది ఆడవాళ్లలో 58 శాతాన్ని చంపింది భర్తో, ప్రియుడో, సొంత కుటుంబంలోవాళ్లో. క్యాబ్ డ్రైవర్ని అనుమానిస్తావు, ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని హమ్మయ్య అంటావు. లెక్క ప్రకారం గడియ పెట్టాకే భయపడాలి.

అక్క: నువ్విప్పుడు నా మీద వాదిస్తున్నావా, నా తరఫునా? చీకటి పడేలోపు ఇంటికి రమ్మని చిన్నప్పటినుంచీ చెప్పారు, ఇంట్లోనే చెయ్యెత్తేవాడు ఉంటే ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. వీధిలోవాడికి భయపడితే తెలివైన పిల్ల అంటారు. మొగుడికి భయపడితే సర్దుకుపొమ్మంటారు.

తమ్ముడు: సరే, నన్నేం చెయ్యమంటావ్? రాత్రిపూట నా ముందు ఎవరో అమ్మాయి నడుస్తుంటే నేను రోడ్డు అవతలికి మారాలా?

అక్క: మారితే పోయేదేంటి, పది అడుగులేగా.

తమ్ముడు: అడుగుల గురించి కాదక్కా. ఏ తప్పూ చెయ్యకుండానే నేను అనుమానితుణ్ణని ప్రతిసారీ ఒప్పుకుంటూ నడవాలి.

అక్క: కష్టమే, కాదనను. కనపడ్డవాణ్ణల్లా అనుమానించడం మాకేమైనా సరదానా? మంచివాణ్ణని నీ మొహం మీద రాసున్నా ఆమెకు కనపడదు, నువ్వు వెనకాల ఉన్నావు.

తమ్ముడు: ఆ అవతలి వైపు తాగినవాళ్లుంటే?

అక్క: ఆగిపో. ఆమెను ముందుకెళ్లనివ్వు, తర్వాత నడువు.

తమ్ముడు: ఆగుతాలే. కానీ ఎందుకు లేటయిందని ఫ్రెండ్స్ అడిగితే, భయమేసి ఆగానని మాత్రం చెప్పను.