అన్నిటికీ నీలిమందే

అక్వేరియంలో చేప ఒకటి కాస్త నలతగా ఉందని నోరు జారితే చాలు, విన్నవాళ్లంతా ఒకే గొంతుతో అడుగుతారు: "నీలిమందు పోశారా?" ఎప్పటినుంచి ఇలా ఉంది, నీళ్లు ఎప్పుడు మార్చారు, తొట్టె ఎన్ని లీటర్లది, అందులో ఎన్ని చేపలున్నాయి లాంటి అల్పమైన ప్రశ్నలతో కాలం వృథా చేసే అలవాటు మనవాళ్లకు లేదు. తోక చిరిగిందా, నీలిమందు. మేత మానేసిందా, నీలిమందు. తలకిందులుగా తేలుతోందా, ఇంకో పది చుక్కలు. చివరికి తొట్టె సిరాబుడ్డిలా తయారై చేపే కనబడకుండా పోతుంది. రోగి కనబడటం లేదంటే రోగం కూడా పోయినట్టే.

ఈ వైద్యానికి ఘనమైన చరిత్రే ఉంది. మనం నీలిమందు అంటున్న ఈ మిథిలీన్ బ్లూ 1876లో హైన్రిక్ కారో అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త చేతిలో బట్టలకు వేసే రంగుగా పుట్టింది. 1891లో పాల్ ఎర్లిష్ దాన్ని మలేరియా రోగులకు ఇచ్చి చూశాడు. అయితే ఆయనకో చాదస్తం ఉంది. మలేరియా క్రిమికి ఆ రంగు అంటుకుంటుందని సూక్ష్మదర్శినిలో తేలాకే మందుగా వాడాడు. మన తొట్టె వైద్యులకు అంత తీరిక ఎక్కడిది? నిజానికి ఆ మందుకు ఏ పాపమూ తెలియదు. చేపగుడ్లకు బూజు పట్టకుండా చూస్తుంది, నైట్రైట్ (చేప వదిలే అమ్మోనియా నుంచి నీళ్లలో తయారయ్యే విషం) ఎక్కిన చేపకు విడిగా మరో తొట్టెలో వాడితే ప్రాణం కూడా నిలబెడుతుంది. అసలు తొట్టెలో ఎడాపెడా పోస్తే మాత్రం, ఫిల్టర్ స్పాంజిలో కాపురముండి రాత్రింబవళ్లు చేప వదిలిన విషాన్ని శుభ్రం చేసే బ్యాక్టీరియాను చావగొడుతుంది. అంటే ఆస్పత్రిలో ఉన్న ఒక్క డాక్టర్‌కూ ముందు విషం పెట్టి, తర్వాత రోగిని పడుకోబెట్టడం అన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కేసు మగ గోల్డ్‌ఫిష్‌ది. ఈడొచ్చిన మగచేపకు జతకట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున తెల్లటి చిన్న చిన్న బుడిపెలు వరసగా లేస్తాయి. పాపం, దానికి అది పెళ్లికళ. ఇంటాయన కళ్లజోడు పెట్టుకుని అద్దానికి ముక్కు ఆనించి చూస్తాడు. పక్కన బావమరిది.

"బావా, తెల్లమచ్చల జబ్బే. అనుమానమే లేదు."

"మరి అంత హుషారుగా తిరుగుతోందేమిట్రా?"

"జ్వరం బావా. జ్వరం ఎక్కితే అలాగే తిరుగుతాయి."

చుట్టూ ఉన్న నీళ్ల వేడే చేప ఒంటి వేడి కూడా. అలాంటి ప్రాణికి హీటర్ లేని తొట్టెలో జ్వరం ఎలా వచ్చిందని అడగడానికి అక్కడ ఎవరికీ నోరు రాదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంటుంది. దానికి కళ్లు సరిగ్గా కనబడతాయి. "నాన్నా, అది ఆ ఇంకో చేప వెనకే తిరుగుతోంది" అంటుంది. "దురదమ్మా, ఒరుసుకోవడానికి వెళ్తోంది" అని తీర్పు వస్తుంది. వెంటనే హీటర్ తెచ్చి వేడి పెంచుతారు. గుప్పెడు ఉప్పు వేస్తారు, గుప్పెడంటే ఎవరి గుప్పెడో చెప్పరు. ఆపైన నీలిమందు. ఆడచేప కోసం వెళ్లిన ప్రతిసారీ మగచేప నెత్తిన ఇంకో మూత మందు పడుతుంది. సీజన్ అయిపోయాక బుడిపెలు వాటంతటవే పోతాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, బావమరిది హస్తవాసి గురించి చుట్టాలందరికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది మళ్లీ అదే కాలంలో బుడిపెలు లేస్తే, "జబ్బు తిరగబెట్టింది, ఈసారి డోసు పెంచాలి" అంటారు. ఆ చేపకు బ్రహ్మచర్యమే దిక్కు.

అసలైన తెల్లమచ్చల జబ్బు వచ్చిన ఇంట్లో మాత్రం మందు మూడో రోజే ఆపేస్తారు. మచ్చలు పోయాయిగా! ఈ జబ్బు తెచ్చే పరాన్నజీవి చేప చర్మం కింద దాక్కున్నంతసేపూ ఏ మందూ దాన్ని చేరదు. కడుపు నిండాక అది రాలిపోయి అడుగున గులకరాళ్లకు అంటుకుంటుంది, గూడు కట్టుకుని వందల పిల్లలుగా చీలిపోతుంది. ఆ పిల్లలు ఇంకో చేపను వెతుక్కుంటూ ఈదే కాస్త వ్యవధిలోనే మందు వాటిని చంపగలదు. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రం తిరగడానికి దాదాపు వారం పడుతుంది, చల్లబడితే ఇంకా ఎక్కువ. మచ్చలు మాయమైన రోజున మనం మందు సీసాకు మూత బిగిస్తే, అడుగున వాళ్లు సంతానం లెక్కపెట్టుకుంటుంటారు.

ఇక మూతి దగ్గర తెల్లటి దూది కనిపిస్తే "ఫంగస్" అనేస్తారు. చాలాసార్లు అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా పని. తెల్లమచ్చలకు వేడి పనిచేసింది కదా అని దీనికీ హీటర్ పెంచితే, దానికి స్వయంగా విందు పెట్టినట్టే.

సరే, ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. నవ్వు రాని సంగతి ఇంకొకటుంది. చేప నీళ్ల పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. "చూడండి, మనతో కబుర్లు చెబుతోంది" అని ఫోన్ తీసి వీడియో పడతారు. కబుర్లేమిటండీ! దానికి ఊపిరాడటం లేదు. తన మొప్పల నుంచి తానే వదిలిన అమ్మోనియా ఆ మొప్పలనే కాల్చేస్తుంటే, బయటకు పోయే దారి లేక అక్కడ తేలి నోరు కొట్టుకుంటోంది. లేదంటే నైట్రైట్ పేరుకుని దాని రక్తం చాక్లెట్ రంగుకు తిరిగింది, ఆక్సిజన్ మోయడం మానేసింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఈ రెండూ కంటికి కనబడవు. నిన్ననే కొన్న తొట్టెలో ఈరోజే ఆరు చేపలు వేస్తారు. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని చెప్పరు అమ్మేవాళ్లు, అడగరు కొనేవాళ్లు. కుదురుకున్న స్పాంజినేమో శుభ్రత పేరుతో క్లోరిన్ ఉన్న కుళాయి కింద పిండి పిండి ఉతుకుతారు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉన్న 25 డిగ్రీల నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం. పీహెచ్ 8 అయితే అదే సుమారు 5 శాతం. ఒకే తిండి, ఒకే చేప, పది రెట్ల విషం! నాలుగు చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ ఉంటే ఇది నిమిషాల్లో తెలుస్తుంది. క్లోరిన్ పోగొట్టిన నీళ్లతో కొంత భాగం మారిస్తే ఆ ప్రాణికి కాస్త ఊరట దొరుకుతుంది. అది చెయ్యరు. ఆ గ్లాసు గిన్నెలోనే, ఆ విషంలోనే, మందు మీద మందు పోస్తారు. చచ్చాక "మా చేతిలో అచ్చిరావు" అంటారు. అచ్చిరాకపోవడమా? ఊపిరాడక చచ్చింది, మీ కళ్లముందు, మీరు వీడియో తీస్తుండగా!

ఆయుష్షు తీరింది అనేవాళ్లు ఇంకొందరు. ఇంగ్లండ్‌లో 1956లో సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్లు బతికింది. అంత కాకపోయినా, సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు తక్కువేం కాదు.

సాయంత్రానికి కొత్త చేప వస్తుంది. రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి చూడమంటే, "ఎందుకండీ, ఆరోగ్యంగానే ఉందిగా" అంటారు. ఉంది మరి. ఇంకా మీ నీళ్లలో దిగలేదు.