పాటందుకుంటే పిచ్చేనా?

"సినిమాలో మాట్లాడుతూ మాట్లాడుతూ పాటందుకోవడం పిచ్చి. ఆ పిచ్చి మనకు హాలీవుడ్ అంటించింది. పాత సినిమాల పాటల్లో కథ ఉండేది, ఇప్పటివి సిగరెట్టు బ్రేకులు. పాటలన్నీ తీసేస్తే సినిమా బాగుపడుతుంది." హన్మకొండలో మా చుట్టాల గ్రూపులన్నింట్లో ఈ మెసేజే తిరుగుతోంది. పంపేదేమో పెళ్లి బరాత్‌లో డీజే ముందు నుంచి కదలని బావలు.

మొదట ఆ పిచ్చి సంగతి. మా వరంగల్ దగ్గరి ఐలోని మల్లన్న జాతరలో ఒగ్గు కథ చెప్పేటాయన మాటలోంచి పాటలోకి, పాటలోంచి ఆటలోకి పోతుంటాడు. "ఏందయ్యా, ఇట్ల ఎవరన్నా మాట్లాడుతారా?" అని ఒక్కరూ అడగరు. 'సింగింగ్ ఇన్ ద రెయిన్' (1952)లో జీన్ కెల్లీ గొడుగు మూసేసి వానలో గంతులేస్తే మాత్రం లాజిక్ గుర్తొస్తుంది. జ్వరంతోనే ఆ పాట చేశాడంటారు, పాపం. నా అభ్యంతరం వేరే. అంత వానలో ఒక్క మ్యాన్‌హోల్ కూడా తెరిచి లేదు! హన్మకొండ చౌరస్తాలో అయితే మనిషి రెండో చరణం దాకా దక్కడు.

హాలీవుడ్ అంటించిందా? మన తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. సురభి వాళ్లు 1885 నుంచే పాటలూ పద్యాలతో నాటకాలాడుతున్నారు. ఆటా పాటా కలిసిన చిందు యక్షగానం ఇంకా పాతది. దీనికింత చాలు.

పాతవన్నీ బంగారం అన్న దగ్గరే నాకు ఒళ్లు మండేది. 'శంకరాభరణం' (1980) పెళ్లిచూపుల్లో కూతురు స్వరం తప్పితే తండ్రి పెట్టిన కేక ఉందే, అక్కడ పాటనూ కథనూ విడదీయలేం, ఒప్పుకుంటా. కానీ ఆ రోజుల్లో పూలచెట్ల చుట్టూ తిరిగిన డ్యూయెట్లకు లెక్కుందా? ఎవరికీ గుర్తులేవు కాబట్టి వాటి పరువు దక్కింది. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' (1965)లో కర్టెన్లు కత్తిరించి పిల్లలకు బట్టలు కుట్టినావిడను నేనింకా క్షమించలేదు. మా ఇంట్లో ఆ పని చేస్తే పాట కాదు, పంచాయితీ అవుతుంది. 'లా లా లాండ్' (2016) హీరో గొంతు మా బాత్రూం స్థాయిదే. చివర్లో ఆ జంటకు జరగని జీవితమంతా సంగీతంతోనే చూపించారు కాబట్టి మాఫీ.

కొత్త పాటల్లో కథ లేదట! 'ఆర్ఆర్ఆర్'లో 'నాటు నాటు' మొదలయ్యేదే తెల్లోడు చేసిన ఎగతాళితో. చివరికి రామ్ కావాలనే పడిపోయి దోస్తును గెలిపిస్తాడు. ఇది కథ కాకపోతే మరేంటి? 2023లో దానికి ఆస్కార్ వచ్చింది. రాసిన చంద్రబోస్‌ది చల్లగరిగ, మన పాత వరంగల్ జిల్లానే. (ఈ మాట చెప్పుకోవడానికే ఇంతదూరం వచ్చాను.) అదే ఏడాది వచ్చిన 'బలగం'లో మటన్‌లో నల్లి బొక్క దగ్గర మొదలై ఏళ్లుగా నడిచిన గొడవ కొమురమ్మ, మొగిలయ్య పాటతో కరిగిపోతుంది. ఆ పని డైలాగులతో చేయించండి చూద్దాం. థియేటర్లో మా బావ అప్పుడు సిగరెట్టుకు పోలేదు. కర్చీఫ్ కోసం నా జేబులో చెయ్యి పెట్టాడు.

ఇక పాటలు తీసేయడం. 'లవకుశ' (1963)లో పాటలూ పద్యాలూ కలిపి ముప్పై దాటుతాయి. అవన్నీ కత్తిరించిన కాపీ ఎవరైనా తయారుచేస్తే టికెట్లు నేనే కొంటా. బావలు మాత్రం మధ్యలో లేచి పోవద్దు.