రేడియో గ్యాంగు కండెన్సరులో కాపురమున్న రాగి పోగు గారికి

మహారాజశ్రీ రాగి పోగు గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ మన మధ్య అది చెల్లదు. తమరు క్షేమంగా ఉన్నంతకాలం మా వాల్వు రేడియో (గాజు వాల్వులతో నడిచే పాతకాలపు సెట్టు) క్షేమంగా ఉండదు.

తమరి వంశం చిన్నదేం కాదు. కొట్లో 14/36 అని అడిగితే ఇచ్చే వైరులో 36 గేజి పోగులు 14 ఉంటాయి. రిపేరు చేసేవాడు కట్టరుతో తోలు వొలిచేటప్పుడు ఒకటి తెగి పడుతుంది. మిగిలిన 13 పోగులనూ మెలిపెట్టి సోల్డరింగ్ చేస్తాడు. సెట్టు పాడుతుంది. పద్నాలుగోది ఏమైందని జనాభా లెక్కలవాళ్లు కూడా అడగరు.

ఆ పద్నాలుగోది తమరే. ఒంటి మందం 0.2 మిల్లీమీటర్ల లోపే. స్టేషన్లు తిప్పే గ్యాంగు కండెన్సరులో పలకకీ పలకకీ మధ్య అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంత ఇరుకులో ఎవరుంటారులే అని మేమనుకుంటాం. తమరు దర్జాగా దిగుతారు. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. పైగా ఎప్పుడు నోరెత్తాలో తమరే నిర్ణయిస్తారు.

డయలు మీద విశాఖపట్నం 927 కిలోహెర్ట్‌జ్ దగ్గర తమరు ఉన్నట్టే తెలియదు. విజయవాడ 837 దగ్గరా మర్యాదగానే ఉంటారు. ముల్లు హైదరాబాదు 738 వైపు జరుగుతున్నకొద్దీ తిరిగే పలకలు కదలని పలకల మధ్య లోలోపలికి దిగుతాయి, తమరికి తగులుతాయి, ఇక కరకర. "ఆ స్టేషను ఎప్పుడూ ఇంతే" అని ఇంట్లో పెద్దాయన తేల్చేస్తారు. అక్కడ 200 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు పెట్టినవాళ్లకు ఈ నింద తమరి పుణ్యమే. ఒక్కోసారి ఆసిలేటరు (సెట్టు లోపల సొంతంగా తరంగం పుట్టించే భాగం) వైపు పలకలకు అడ్డం పడి సెట్టును పూర్తిగా మూగబోయేలా చేస్తారు. సరే, మీటరు పెట్టి పట్టుకుందామంటే గ్యాంగుకు కాయిల్ జతపడి ఉంటుంది. తమరున్నా లేకపోయినా మీటరు ఆ కాయిల్ తాలూకు కొద్ది ఓములే చూపిస్తుంది. కాయిల్ ఒక కొస ఊడదీస్తే తప్ప తమరి మీద సాక్ష్యం దొరకదు. ఇంత భద్రమైన చోటు తమరికి ఎవరు చూపించారండీ?

తమరిది కరకరతో పోయేది. తమరి తోబుట్టువు వాల్వు బేసు కింద, 250 వోల్టులుండే పిన్నుకీ గ్రిడ్డు (వాల్వులో కరెంటును అదుపు చేసే తీగ) పిన్నుకీ మధ్య పడుకుందంటే అవుట్‌పుట్ వాల్వు లోపలి పలక ఎర్రగా కాలుతుంది. పాత వాల్వు మళ్లీ ఎక్కడ దొరుకుతుందో తమరికేం పట్టింది!

ఖాళీ చేయించడానికి మావాళ్లు పడే పాట్లు తమరికి వినోదమే. నోటితో ఊదుతారు: గాలి తక్కువ, తుంపర ఎక్కువ. మరీ మొనగాళ్లు సెట్టును పంక్చరు షాపుకు మోస్తారు. లారీ టైర్లకు కొట్టే గాలి అది. కంప్రెసరు ట్యాంకు అడుగున చేరిన నీళ్లూ నూనే దానితోపాటే వస్తాయి, గ్యాంగు పలకలు వంగుతాయి, తమరేమో తాపీగా ఐఎఫ్ క్యాన్ (లోపలి కాయిళ్లను కప్పే రేకు డబ్బా) కిందికి మకాం మారుస్తారు. ఆ తర్వాత అయస్కాంతం తెస్తారు. దాని ముందు తమరు కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. రాగి కదా. టంకపు పూసా అంతే, అల్యూమినియం రజనూ అంతే.

తమరిని లోకువగా చూడనివాళ్లూ ఉన్నారు లెండి. అమెరికా సైన్యం చిప్పులకు పెట్టుకున్న మిల్-ఎస్‌టీడీ-883 ప్రమాణంలో 2020 నంబరు పరీక్ష తమలాంటివారి గౌరవార్థమే. సీలు వేసిన భాగాన్ని వణికించి, లోపల రేణువేదైనా కొట్టుకుంటోందా అని సెన్సరుతో వింటారు. కక్ష్యలో భారం తెలియదు కనుక ఊడిన రేణువు ఓ మూల పడి ఉండదు, ఎక్కడికైనా తేలిపోతుంది. మా ఊరి మెకానిక్కు సెట్టును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే నవ్వినవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

ఇంతకీ తమరి అసలు పోషకుడు ఆ మెకానిక్కూ కాదు. "పాడుతోంది కదా, మూత బిగించెయ్" అనే మాట. అది అనేది ఎక్కువగా సెట్టు యజమానే. బిల్లులో కండెన్సరుకు ధర ఉంటుంది, వాల్వుకు ఉంటుంది. దులిపినందుకు ఏమైనా రాస్తే "దీనిక్కూడా డబ్బులా?" అంటారు. అలాంటప్పుడు ఎవరు దులుపుతారు?

కాబట్టి ఇది నోటీసుగా భావించగలరు. ఇకమీదట పని మొదలెట్టకముందే గ్యాంగు మీద గుడ్డ కప్పుతాం. చాసిస్‌కు, అంటే సెట్టు భాగాలు బిగించే రేకు చట్రానికి, రంధ్రం వేయాల్సి వస్తే డ్రిల్లు బిట్టుకు గ్రీజు రాస్తాం, రజను చాలావరకు దానికే అంటుకుంటుంది. వొలిచిన ప్రతి వైరుకూ పోగులు లెక్కపెడతాం. పని అయ్యాక చాసిస్‌ను తెల్లకాగితం మీద బోర్లించి స్క్రూడ్రైవరు పిడితో తడతాం, గ్యాంగు సందుల్లో పలచని కాగితపు పట్టీ ఆడిస్తాం. మెయిన్స్ నేరుగా ఇవ్వం, ముందు సీరీస్ బల్బు, అంటే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లాకే సెట్టుకు. తమరి బంధువులెవరైనా పెద్ద షార్టు చేసి కూర్చుంటే బల్బు భగ్గున వెలిగి వారి చిరునామా అడుగుతుంది.

ఇట్లు,
సీరీస్ బల్బు చేతబట్టిన తమ విధేయుడు

తా.క.: తమరి దూరపు చుట్టం ఇనప రజను స్పీకరు అయస్కాంతాన్ని పట్టుకుని వాయిస్ కాయిల్ (స్పీకరు అట్టను ఆడించే తీగచుట్ట) సందులో దూరిందని తెలిసింది. అక్కడ అయస్కాంతం మా పక్షం కాదు. స్పీకరు నడుమ ఉండే డస్టు క్యాపు మూత విప్పి, జిగురు టేపు పట్టుకుని వస్తున్నాం. ఆవిడకు విడిగా ఉత్తరం రాయబోవడం లేదు.