వేలిముద్ర పడని వారి కుట్ర

దేశంలోని ప్రతి మనిషికీ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఆధార్ అనే ఒక కార్డు ఉండి తీరాలన్న మహత్తర సంకల్పానికి అడ్డుపడుతున్నది ఎవరు అన్న ప్రశ్నకు రాజధానులలోని విజ్ఞులు ఇన్నాళ్లుగా చెబుతున్న జవాబు తప్పని సవినయంగా మనవి చేస్తున్నాను. వారి దృష్టిలో ఈ వ్యతిరేకులు న్యాయవాదులు, హక్కుల సంఘాలవారు, గోప్యత అనే మాటను ఊతపదం చేసుకున్న పట్టణవాసులు. శ్రీకాకుళం జిల్లాలో 34 ఏళ్లు బడిపంతులుగా పనిచేసి, ఏ కార్డు ఇస్తామన్నా మొదటి వరుసలో నిలబడి తీసుకున్న పౌరుడిగా నేను చెప్పేదేమంటే, కోర్టుకు వెళ్లేవారి వల్ల ప్రభుత్వానికి వచ్చిన ముప్పేమీ లేదు. అసలు ముప్పు మా జిల్లాలో ఉంది. ఇక్కడివారు నినాదాలు చేయరు, కరపత్రాలు పంచరు. నెలకొకసారి రేషను షాపుకు వచ్చి, డీలరు చూపిన చోట బుద్ధిగా బొటనవేలు పెట్టి, ఆ వేలి మీద ముద్ర అన్నదే లేకుండా చేసి, దేశపు అతి పెద్ద యంత్రాంగం చేత 'సరిపోలలేదు' అనిపించి ఇంటికి వెళ్లిపోతారు.

ఈ కుట్రకు సూత్రధారులు పలాస, కాశీబుగ్గ పరిసరాలలో జీడిపిక్కలు కొట్టి పప్పు వలిచే ఆడవాళ్లు. జీడిపిక్క పెంకులో ఒక రసం ఉంటుంది. అది తగిలిన చోట చర్మం కాలి, నల్లబడి, పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పని పదేళ్లు చేసిన చేతిని మీరు చూసి ఉంటే, అందులో ప్రభుత్వానికి చదవడానికి ఒక్క గీత కూడా మిగలదన్న సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. కూలి కోసం చేస్తున్నామని వారంటారు. కానీ ఆధారాలను నాశనం చేసేవాడు ఎప్పుడైనా ఆధారాలను నాశనం చేస్తున్నానని చెప్పి చేస్తాడా? పైగా జీడికి ఈ విషయంలో పాత చరిత్ర ఉంది. బట్టలుతికే రజకులు ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి రసంతో అంచున ఒక చుక్కో గీతో పెట్టేవారు. బట్ట చిరిగిపోయేదే గాని ఆ గుర్తు పోయేది కాదు. వంద ఇళ్ల బట్టలు ఒకే రేవులో కలిసినా ఒక్కటీ తారుమారు కాని ఆ ఏర్పాటుకు సర్వరు గాని, పాస్‌వర్డు గాని ఉండేవి కావు. గుర్తులు పెట్టిన జీడికి దగ్గరి చుట్టమే ఇప్పుడు గుర్తులు చెరిపేస్తోందంటే, అది యాదృచ్ఛికమని నమ్మడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

చరిత్ర తెలిసినవారు ఇక్కడ గాంధీగారిని గుర్తు చేస్తారు. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం, భారతీయులంతా పది వేళ్ల ముద్రలు ఇచ్చి ధ్రువపత్రం పుచ్చుకోవాలని, అడిగినప్పుడల్లా చూపాలని చట్టం తెచ్చింది. గాంధీగారు దానిని నల్లచట్టమన్నారు. 1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు దగ్గర రెండు వేలకు పైగా ధ్రువపత్రాలను పెద్ద కాగులో వేసి, కిరసనాయిలు పోసి కాల్పించారు. అదంతా కాగితం కాల్చడమే. కాగితం మళ్లీ అచ్చు వేసుకోవచ్చు. మా పలాస ఆడవాళ్లు కాగితం జోలికి పోలేదు, నేరుగా వేళ్లనే కాల్చుకున్నారు. వేళ్లకు నకలు ప్రతి ఉండదు. పది వేళ్లూ అడిగినందుకు ఆనాడు సత్యాగ్రహం పుట్టిందని పాఠ్యపుస్తకం చూసి నేనే పిల్లలకు చెప్పాను. ఇప్పుడు పది వేళ్లతో పాటు రెండు కనుపాపలూ ముఖమూ అడుగుతున్నారు గనుక, పుట్టవలసినది ఏమిటో లెక్కల మాస్టార్లు తేల్చాలి.

సహకుట్రదారులు ఊరూరా ఉన్నారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, అతి సన్నని నూలు వడికే ముసలమ్మల వేళ్లు ఆ నూలులాగే నునుపెక్కిపోయాయి. టెక్కలి క్వారీలలో రాయి ఎత్తినవారి వేళ్ల మీద రాతి గీతలే తప్ప సొంత గీతలు లేవు. సముద్రం ఒడ్డున వల తాళ్లు లాగేవారి చేతుల్ని ఉప్పూ తాడూ కలిసి తుడిచేశాయి. కుప్పనూర్పుల కాలంలో రైతు కూలీలంతా కట్టగట్టుకుని ఈ వర్గంలో చేరిపోతారు. నిష్పక్షపాతంగా పరిశీలిస్తే నాకు ఒక్క విషయం స్పష్టమైంది. పని ఎంత ఎక్కువ చేసినవారైతే ద్రోహం అంత ఎక్కువ. ఏ పనీ చేయని వేళ్లు మాత్రం మొదటిసారికే పచ్చదీపం వెలిగించి దేశభక్తిని చాటుకుంటున్నాయి.

ప్రభుత్వం ఓర్పు గొప్పది. వేలు పడకపోతే కన్ను చూద్దామంది, కంటికి శుక్లం అడ్డువచ్చింది. సరే, ఫోనుకు ఓటీపీ పంపుతామంది. ఆ ఫోను కొడుకుతో పాటు చెన్నైలో కట్టడం పనికి వెళ్లింది. రీచార్జి లేక ఆ నంబరు ఎవరో అపరిచితుడికి దక్కిన ఇళ్లు కూడా ఉన్నాయి, అక్కడ ఈ అమ్మ బియ్యానికి ఆయన అనుమతి కావాలి. చివరికి ముఖం చూపమన్నారు. పదేళ్ల కిందట ఫొటో దిగిన ముఖానికీ, పదేళ్ల ఎండకు ఆరిన ముఖానికీ ఉన్న తేడా యంత్రానికి నచ్చలేదు. ఏ మార్గమూ కుదరకపోతే కార్డుదారుకు వేరే విధంగా సరుకు ఇవ్వాలని ఉత్తర్వులు లేకపోలేదు. ఉత్తర్వు కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం యంత్రంలో పట్టదు. ఒక రోజు మా డీలరు, ఎదురుగా నిలబడిన పెద్దావిడను "అప్పలనర్సమ్మత్తా" అని వరసపెట్టి పిలిచి, కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఆమె ఎవరో తెలియడం లేదని చెప్పాడు. "నానెవుల్నో ఈ మిషనికి తెల్దేటి బాబూ?" అని ఆమె అడిగిన ప్రశ్నలో ప్రభుత్వ వ్యతిరేక ధోరణి కనిపించింది గనుక నేను దానిని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నా వృత్తికి జరిగిన అన్యాయం కూడా ఒకటుంది. నిశానీ అంటే మా కాలంలో చదువు రాదని అర్థం. వేలిముద్రగాడు అంటే తిట్టు. సాయంకాలాలు లాంతరు పెట్టి, మెట్టవేదాంతం మానిపించి, ఎందరో పెద్దవాళ్ల చేత కష్టపడి సంతకం పెట్టించాను. మొదటిసారి సంతకం చేసిన రోజున ఒకాయన ఇంటికి వెళ్లి భార్యకు తన పేరు చూపించుకున్నాడు. ఇప్పుడు సంతకం చెల్లదు, వేలే కావాలి. అయ్యేయెస్ చదివిన దొరవారూ, మా పాలేరూ ఒకే నిశానీ వేయవలసిన సమసమాజం వచ్చింది, కాకపోతే పాలేరుది పడదు. ఈ విద్యకు మూలం కూడా మన దేశమే కావడం గర్వకారణం. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, ఒప్పందం కుదుర్చుకున్న దేశీయుడు రేపు మాట మారుస్తాడేమోనన్న అనుమానంతో అతని అరచేతి ముద్ర వేయించుకున్నాడు. అనుమానించేవారు మారినా, అనుమానింపబడేవారిని మార్చకుండా ఆ సంప్రదాయాన్ని కాపాడుకొస్తున్నాం.

వ్యతిరేకులకు ఇంత ధైర్యం ఎక్కడిదంటే, కార్డు రాకముందే మా ప్రాంతంలో మరొక గుర్తింపు వ్యవస్థ ఉండేది. ఊళ్లోకి కొత్తమనిషి అడుగుపెట్టగానే అరుగు మీద కూర్చున్న ఎవరో ఒక ముసలామె "ఎవులి గుంటడివిరా?" అని అడుగుతుంది. తండ్రి పేరు, తాత పేరు, ఇంటిపేరు, మేనత్తను ఏ ఊరు ఇచ్చారు అన్నవి ఆమెకు అర నిమిషంలో తెలిసిపోతాయి. తాతగారు ఎవరికి ఎంత బాకీ పడ్డారో కూడా బయటపడుతుంది. ఒక్కో ఊళ్లో పదిమంది అప్పలనాయుళ్లు ఉన్నా ఏ ఒక్కరి ఉత్తరం మరొకరికి చేరేది కాదు. ఈ వ్యవస్థలోని లోపం ఏమంటే ఆ ముసలామె ఎవరినీ 'సరిపోలలేదు' అని వెనక్కి పంపలేదు. అటువంటి దానిని నమ్మి పథకాలు ఎలా నడుపుతాం?

కార్డు నమోదు చేసినవారి పనితనాన్ని కూడా కొందరు తప్పుపడుతున్నారు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు వయసు అంచనా కట్టి జనవరి 1 వేయడంతో, మా మండలంలో ఒక తరం మొత్తం ఆంగ్ల సంవత్సరాదినాడే పుట్టింది. పంచాంగకర్తలు విస్తుపోయిన ఈ గ్రహస్థితిని ప్రభుత్వం మరచిపోలేదు. ఉపాధి హామీ కూలిని ఆధార్ ఆధారిత చెల్లింపుగానే ఇవ్వాలన్న నియమాన్ని 2024 జనవరి 1 నుంచే తప్పనిసరి చేసి, అంతమందికి ఒకేసారి పుట్టినరోజు కానుక అందజేసింది. ఆ తేదీని పట్టుకుని వయసు నిరూపించుకుందామంటే మాత్రం కుదరదు. పుట్టిన తేదీకి ఈ కార్డు రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టంలోని 9వ సెక్షనే చెబుతోంది. మనం ఎప్పుడు పుట్టామో, ఏ దేశంవాళ్లమో చెప్పలేని కార్డు మనమెవరమో మాత్రం చెబుతుందన్న సూక్ష్మం అందరికీ అర్థం కాదు.

న్యాయస్థానానికి వెళ్లినవారి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వారు ప్రమాదకారులు కారని ముందే అన్నాను. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి, ఎనభై దాటిన వయసులో, 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. కార్డు లేదన్న కారణంగా ఎవరూ నష్టపోరాదని 2013 సెప్టెంబరులో ఆదేశం వచ్చింది. గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించగా, అది ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. సమాచారమంతా 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం గల గోడల వెనుక భద్రంగా ఉందని 2018లో అటార్నీ జనరల్ కోర్టుకు విన్నవించారు. తీగల గుండా పోయే దానికి గోడ అడ్డు పెట్టడమన్నది మా ఊళ్లో పిల్లికి భయపడి పాలగిన్నె పక్కన ఇటుక పెట్టే పద్ధతిని గుర్తు చేసింది, అందుకే ఆ కొలతలు నాకు ఇప్పటికీ కంఠస్థం. ఆ ఏడాది సెప్టెంబరు 26న నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాకూ సెల్‌ఫోను సిమ్ముకూ ఈ సంఖ్యను తప్పనిసరి చేయరాదు, ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చే బియ్యానికి చేయవచ్చు. ఫోనులో మాట్లాడేవాడి గోప్యత పదిలం. అన్నం తినేవాడికి అటువంటి ఇబ్బందులు ఉండవు.

పరాయి దేశాల ఉదాహరణలు చూపి కొందరు మనల్ని చెడగొట్టజూస్తున్నారు. ఇంగ్లండులో యుద్ధం కోసం 1939లో ఇచ్చిన కార్డును, యుద్ధం ముగిసిన ఐదేళ్లకు 1950లో ఒక పోలీసు రోడ్డు మీద అడిగితే, కారులో వెళుతున్న విల్‌కాక్ అనే పెద్దమనిషి చూపనన్నాడు. నేరం రుజువైంది గాని, ప్రతివాణ్నీ ఆపి కార్డు అడగడమేమిటని ప్రధాన న్యాయమూర్తి పోలీసులనే మందలించారు. 1952లో కార్డులే పోయాయి. మళ్లీ 2006లో చట్టం చేసి, 2010లో రద్దు చేసి, సమాచారం ఉన్న డిస్కులను తుక్కు చేశారు. ఆస్ట్రేలియావారు 1987లో తమ కార్డు ఆలోచనను మధ్యలోనే వదిలేశారు. మనకు చట్టాలు తెచ్చి ఇచ్చినవాళ్లకే పట్టుదల లేకపోతే ఎలా? ఆ దేశాలలో పలాసలు లేవు, అందుకే వారు నోటితో వద్దన్నారు.

కార్డుల పట్ల ఆదర్శప్రాయమైన ప్రేమ చూడాలంటే కొఠియా గ్రామాలకు వెళ్లాలి. పాత విజయనగరం జిల్లా సాలూరు మండలాన్ని ఆనుకుని ఉన్న ఆ 21 గ్రామాలు తమవంటే తమవని ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు దశాబ్దాలుగా తగువులాడుకుంటున్నాయి. పోటీపడి రెండు ప్రభుత్వాలూ కార్డులు పంచడంతో అక్కడి గిరిజనులలో చాలామందికి రెండు రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నాయి. మైదానంలో మనిషి తనను గుర్తించమని ప్రభుత్వం వెంట పడుతుంటే, ఆ కొండల మీద తమను గుర్తించమని రెండు ప్రభుత్వాలు మనిషి వెంట పడుతున్నాయి. మొత్తం దేశాన్ని సరిహద్దు తగాదాలో పెట్టడమే ఈ సమస్యకు పరిష్కారమని ఒక రాత్రి నాకు తోచింది. ఉదయానికి ఆ ఆలోచన పోయింది.

దానికంటే ఆచరణీయమైనది మా పెరట్లోనే దొరికింది. పశుసంవర్ధక శాఖవారు మా ఆవు చెవికి పసుపుపచ్చని బిళ్ల కొట్టారు, దాని మీద 12 అంకెలు ఉన్నాయి. నా సంఖ్యకూ 12 అంకెలే. అయితే మా గౌరి నంబరు చెవిలోనే ఉంటుంది గనుక దానికి వేలు అక్కరలేదు, ఓటీపీ రాదు, ముఖం మారినా ఇబ్బంది లేదు. టీకాకు వచ్చినవాడు 'సరిపోలలేదు' అని దానిని ఏనాడూ వెనక్కి పంపలేదు. పలాస ఆడవాళ్ల చెవులకు ఎటూ కమ్మలుంటాయి, ఉన్న రంధ్రానికే తగిలిస్తే ఖర్చు కూడా కలిసివస్తుంది. ఈ సూచనను జిల్లా అధికారులకు పంపుదామని శుద్ధప్రతి రాస్తుండగా పింఛను రుజువుల కాలం వచ్చింది.

ఏటా ఒకసారి పింఛనుదారులు తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. నేను వెళ్లిన చోట యంత్రం దగ్గర కూర్చున్న కుర్రవాడు నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. ఏడో తరగతిలో నా దగ్గర చదివినవాడే. బొటనవేలు పెట్టాను, ఎర్రదీపం వెలిగింది. తలకు రాసుకుని పెట్టమన్నాడు, పెట్టాను. తడిగుడ్డతో తుడిచి పెట్టాను. చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచెయ్యి వరుసగా ప్రయత్నించాం. ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు నా కళ్ల ముందే ముఠాలో చేరిపోయాయని అప్పుడు అర్థమైంది. "మీరు నాకు తెలుసు కదండీ మాస్టారూ" అని ఆ కుర్రవాడు నొచ్చుకున్నాడు. నీకు తెలియడం చట్టప్రకారం రుజువు కాదు నాయనా అని నేనే నచ్చజెప్పవలసి వచ్చింది. అతను ఊరుకోక, నేను నేర్పిన పదిహేడో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. వరుసలో వెనక నిలబడ్డవాళ్లు పదిహేడు పదులు దాకా విన్నారు. యంత్రం తెర మీద తిరుగుతున్న చిన్న గుండ్రం కూడా అంతవరకూ ఆగకుండా తిరిగింది, తరువాత రేపు రమ్మంది.