రేడియేటర్‌లో పసుపు పోసే పెద్దమనుషులకు ఒక నమస్కారం

మా నాన్నగారి అంబాసిడర్‌కు, ఇంజను నీళ్లను చల్లబరిచే రేడియేటర్ మార్చేయమని ఈ ఎండాకాలంలో నాకు సలహా ఇచ్చినవాళ్లు అయిదుగురు. ఆ అయిదుగురిలో బానెట్ ఎత్తి చూసినవాళ్లు సున్నా. "నలభై ఏళ్ల బండికి ఇంకా ఆ ఇత్తడి డబ్బా ఎందుకండీ, అల్యూమినియంది వేయించుకోండి" అని అందరిదీ ఒకటే మాట. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని ఇంజనుకు వైద్యం చెప్పే విద్య మన తిరుపతిలో ఇంటికొకరికి ఉంది.

బండి 1984 నాటి మార్క్ 4. చిన్నప్పుడు అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డులో కొండ ఎక్కుతుంటే, సగం దారిలో నాన్నగారు బండిని పక్కకు ఆపేవారు. బానెట్ ఎత్తేవారు కానీ రేడియేటర్ మూత ముట్టుకునేవారు కాదు. అది చల్లబడేలోపు అమ్మ పులిహోర పొట్లాలు విప్పేది. అక్కడ ఆగడం యాత్రలో భాగమని నేను చాలా ఏళ్లు నమ్మాను.

ఈసారి జరిగింది వేరు. ఫిబ్రవరిలో రేడియేటర్ మూత లోపలి రబ్బరు చీలింది. విడిభాగాల దుకాణంలో అడిగితే, "దానిది దొరకదు సార్, ఇది సరిపోతుంది" అని ఏదో కొత్త కారు మూత ఇచ్చారు. సరిపోయింది కూడా, ముచ్చటగా కూర్చుంది. పాత మూత మీద 7 అని ఉండేది, దీని మీద 1.1 అని ఉంది. ఏడు కన్నా ఒకటి తక్కువే కదా అనుకున్నాను. ఇందులో సగం తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. ఆ 7 చదరపు అంగుళానికి పౌండ్లలో లెక్క, ఈ 1.1 చదరపు సెంటీమీటరుకు కిలోల్లో లెక్క. పౌండ్లలోకి మారిస్తే దాదాపు 16 అవుతుంది.

మూత అంటే దుమ్ము పడకుండా పెట్టే బిరడా కాదు. లోపల ఒత్తిడి ఎంతవరకు పెరగనివ్వాలో నిర్ణయించేది అదే. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు 7 పౌండ్ల మూత కింద 111 దాకా మరగవు, 16 పౌండ్ల మూత కింద 121 దాటినా మరగవు. ఆ ఒత్తిడికి తగ్గట్టు తయారైన కొత్త కార్లకు ఇది మేలు. టంకంతో అతికించిన ముసలి ఇత్తడి ట్యాంకుకు మాత్రం ఇది కుక్కర్ విజిల్ మీద పొత్రం పెట్టడమే. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం లీలామహల్ కూడలిలో, ముందూ వెనకా ఆటోల మధ్య, రేడియేటర్ పై ట్యాంకు అతుకు విచ్చుకుంది. ఆవిరి చూసి జనం పోగయ్యారు.

అప్పుడు వచ్చారు పసుపు పెద్దమనిషి. పక్క కొట్టులో పొట్లం కొని, బండి కాస్త చల్లబడగానే, నేను వద్దనేలోపే లోపల పోసేశారు. పసుపు తడిసి చిన్న చిల్లును పూడుస్తుంది, కాదనను. దారిలో చిక్కుకున్న లారీ డ్రైవర్లు ఊరు చేరడానికి వాడే ఉపాయం అది. కానీ అది చిల్లు ఏదో, నీళ్లు పారాల్సిన గొట్టం ఏదో చూసి పూడ్చదు. పైగా నాది చిల్లు కాదు, జానెడు పొడవున విచ్చుకున్న అతుకు. పసుపు గంగమ్మ జాతరకు ఉంచుకోండి స్వామీ, రేడియేటర్‌కు మొక్కులేమీ లేవు.

బండిని లాగించుకుని వెళ్లిన మొదటి షాపులో రెండు నిమిషాల్లో తీర్పు వచ్చింది: కొత్తది వేయాలి. వెంటనే ఇంకో మాట, "పాతది ఇక్కడే వదిలేయండి, 500 తగ్గిస్తాను." నాకు అనుమానం వచ్చింది అక్కడే. పనికిరాని వస్తువుకు ఎదురు డబ్బు ఎవరిస్తారు? రాగి, ఇత్తడి కిలోల లెక్కన పాత సామాను కొట్టులో ఎంత పలుకుతాయో వంటింట్లో పాత బిందెలున్న ఎవరికైనా తెలుసు. రేడియేటర్ విప్పించి, డిక్కీలో వేసుకుని వచ్చేశాను.

రేణిగుంట రోడ్డులో రేడియేటర్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డు. దాన్ని నడిపే భాయ్ వయసు డెబ్బై పైమాటే. రేడియేటర్ చూడకుండా ముందు మూత అడిగారు. తిప్పి చూసి, "సార్, ఇది రేడియేటర్ తప్పు కాదు, ఈ మూత చేసిన పని" అన్నారు. అయిదుగురు సలహాదారుల్లో ఒక్కరికీ తట్టని ప్రశ్న.

తర్వాత రెండు పూటలు అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. మంటతో టంకం కరిగించి పై ట్యాంకును ఊడదీశారు. మామూలు టంకం 190 డిగ్రీలలోపే కరిగిపోతుంది కాబట్టి ఇత్తడికి దెబ్బ తగలదు. లోపల చూస్తే పసుపు బురద, దాని కింద నలభై ఏళ్ల సున్నపు పొర. సన్నటి చదును ఊచను ఒక్కో గొట్టంలోంచి దించుతూ లెక్కపెట్టారు. మూడో వంతు గొట్టాలు పూడిపోయి ఉన్నాయి. గొట్టాల మధ్య ఉండే పలచటి రేకులను, అంటే ఫిన్లను, వేలితో నలిపి చూశారు. పొడిగా రాలితే కోర్, అంటే గొట్టాలూ ఫిన్లూ ఉన్న మధ్య భాగం, మార్చక తప్పదట, రాలలేదు. అన్నీ శుభ్రం చేసి, యాసిడ్‌లో జింకు ముక్కలు వేసి, ఘాటు చంపిన ఆ ద్రవంతో అతుకు తుడిచి, మళ్లీ టంకం పెట్టారు. గొట్టాల మూతులు బిగించి, గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచారు. బుడగ రాలేదు. "కోర్ పోయినా ట్యాంకులు పారేయకండి సార్, అవి ఉంటే కొత్త కోర్ కట్టించుకోవచ్చు" అన్నారు.

అల్యూమినియం మీద నాకు పగ లేదు. రాగి కన్నా తక్కువ వేడి మోసినా, వెడల్పు గొట్టాలతో, తేలికపాటి బరువుతో అది బాగానే చల్లబరుస్తుంది. రోజూ తిప్పే కారుకు అదే వేసుకోండి. కానీ అది చిల్లు పడితే రోడ్డు పక్కన టంకంతో అతికించే వీలు లేదు, దానికుండే ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే పారేయడమే. పాత బండి పెట్టుకున్నది అందుకా?

నాకు అసలు కోపం నీళ్ల మీద. మన బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పొర రోజూ చూస్తాం, గీజరు కాయిల్ మారుస్తూనే ఉంటాం. అవే నీళ్లు చెంబుతో రేడియేటర్‌లో పోస్తాం. శుద్ధి చేసిన నీళ్లు, కూలెంటు సగం సగం కలిపి పోస్తే తుప్పూ ఉండదు, సున్నమూ కట్టదు. కూలెంటు నీళ్లు గడ్డకట్టే చలిదేశాలవాళ్లకు కదా అనేవాళ్లకు పై ట్యాంకులోంచి తీసిన సున్నపు పెచ్చులు ఒక డబ్బాలో దాచి ఉంచాను. వచ్చి చూసుకోవచ్చు.

7 పౌండ్ల మూతను భాయ్ తన డబ్బాలోంచి వెతికి ఇచ్చారు. పోయిన ఆదివారం భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె వెళ్లి వచ్చాను. ఎక్కడా ఆగలేదు, పులిహోర ఇంటికి వచ్చాకే తిన్నాం. మర్నాడు పొద్దున కిందికి దిగేసరికి మా వాచ్‌మన్ బానెట్ పక్కన చెంబుతో నిలబడి ఉన్నాడు. "దూరం పోయి వచ్చారు కదా సార్, నీళ్లు తగ్గి ఉంటాయి" అన్నాడు. చెంబులో ఏ నీళ్లని అడిగాను. బోరు నీళ్లే.

ఇప్పుడు బానెట్ లోపలివైపు ఒక కాగితం అంటించాను. బోరు నీళ్లు పోయరాదు. పసుపు అసలే పోయరాదు.